హాయిగా పోయేవాళ్ళ ఇల్లు

మాఘ శుద్ధ విదియ

పొద్దున్నే లేచి తెప్ప తాడు బిగించాను. మా తెప్పను నీళ్ళలో మునిగిపోయిన ఒక పాత వాటర్ ట్యాంకు మెడకు కట్టారు. రోజూ బిగించకపోతే మధ్యాహ్నానికల్లా కొట్టుకుపోయి పక్కింటి వాళ్ళ వంటగదికి ఆనుకుంటాం. నిన్న అదే అయింది. వాళ్ళు పులుసు పెట్టారు కాబట్టి నాకైతే నష్టమేమీ లేదు. తర్వాత తెప్ప అడుగున పట్టిన నాచు గీకి, మంచినీళ్ళ గొట్టం కడిగి, ఆఫీసు తెరిచాను. ఆఫీసంటే మా ముందుగదే.

ఈ డైరీ పై ఆఫీసు వాళ్ళు చదువుతారట. చదవనీ. నా పేరు హైమవతి, తెప్పలపాలెం వంశారోగ్య కార్యకర్తను. జనం జబ్బులక్క అంటారు. ఎవరింట్లో ఏ జబ్బు ఏ తరం నుంచి దిగివస్తోందో కనుక్కోవడం నా పని.

ముందుగదిలో ఒక మూల ఉమ్మి మిషను ఉంది. చుక్క ఉమ్మి వేస్తే ఒంట్లో ఉన్న జన్యువులన్నీ చదివేస్తుంది. అది వచ్చిన కొత్తలో, ఇక మనుషుల్ని అడిగే పనేముందని నా ఉద్యోగం పీకేయబోయారు. తీరా చూస్తే మనిషికి నాలుగు పేజీలు ఇచ్చింది, అందులో మూడు పేజీల నిండా "మార్పు ఉంది, అర్థం ఇంకా తెలియదు" అనే మాటే. అర్థం తెలియాలంటే మీ తాతకేమైంది, మీ మేనత్తకేమైంది అని అడగాలి. అడగడానికి నోరుండాలి. మిషనుకు నోరు లేదు, నాకు దేవుడు రెండు నోళ్ళకు సరిపడా ఇచ్చాడు. అలా ఉద్యోగం నిలిచింది.

ఈరోజు మంచి కబురు. చుక్కాని వారి వకుళకూ, లంగరు వారి నూకరాజుకూ పెళ్ళి ఖాయమైంది. పౌర్ణమికి ముహూర్తం. మా పాలెంలో ఇంటిపేర్లన్నీ పడవ సామాన్లే. వకుళ పిల్లలకు ఈత నేర్పుతుంది, ఆమెను మించిన ఈతగత్తె ఇక్కడ లేదు. మా ఆనవాయితీ ప్రకారం పెళ్ళికూతురు దండ నడుముకు చుట్టుకుని తన తెప్ప నుంచి పెళ్ళికొడుకు తెప్ప దాకా వాడల మధ్య కాలవ ఈదుకుంటూ వెళ్ళాలి. రెండు వైపులా బిందెలు వాయిస్తారు. వకుళ ఈదుతుంటే చూడాలని ఊరంతా ఇప్పటినుంచే ఉబలాటపడుతోంది, నేను కూడా.

చవితి

ఈరోజు ముచ్చట పందిరి వేశాం. జాతకాలు చూసుకునే రోజులు పోయాయి. పెళ్ళికి ముందు రెండు వైపుల వాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని మూడు తరాల జబ్బులు బయటికి చెప్పుకుంటారు. ఆరోగ్యశాఖ పథకంగా మొదలైంది, మా వాళ్ళ చేతిలో పడి పండగైపోయింది. జబ్బులు తక్కువున్న వైపుకు మొదటి గరిటె పాయసం. ఈ పాయసం నియమం ఎవరు పెట్టారో కానీ, దీని కోసం ఉబ్బసాన్ని కూడా దగ్గు అని చెప్పి దాటేసే ఘనులున్నారు.

ముందు నూకరాజు తల్లి రాఘవమ్మ లేచింది.

"మా మావగారికి షుగరండి. ఆయన బాబుకీ షుగరే. మా ఆడపడుచుకి ఉబ్బసం. మా ఆయనకి బట్టతల. అది జబ్బు కాదంటే మాత్రం నేనొప్పుకోను!"

"నా బట్టతల నీకేం చేసిందే?" అని ఆయన వెనకనుంచి అరిచాడు. పందిరంతా గొల్లుమంది.

తర్వాత వకుళ నాయనమ్మ అప్పాయమ్మ లేచింది. డెబ్బై దాటినా నిటారుగా నడిచే మనిషి. కొంగు నడుముకు దోపుకుని చుట్టూ ఒకసారి చూసింది.

"మాకేం లేవండాయ్! షుగర్లేదు, బీపీ లేదు. మా అత్తోరింట్లో మంచాన పడి ఒకరి చేత చేయించుకోడం అన్న మాటే లేదు. మావోళ్ళు హాయిగా పోతారు. మా ఆయన తాడు పట్టుకుని ఈదుతా ఈదుతా నవ్వుమొహంతో పోయాడు. మా ఆడపడుచు పెళ్ళిలో ఆడుతా ఆడుతా అలా కూర్చుంది, అంతే. మా మరిది నీళ్ళలోకి దూకాడు, గంగమ్మ తల్లి ఒళ్ళో పెట్టుకుంది. అలాంటి చావు ఎంతమందికొస్తుంది చెప్పండి!"

ఆడవాళ్ళు చేతులు జోడించారు. మొదటి గరిటె చుక్కాని వారికే. వాళ్ళింటికి ఎప్పుడూ అదే వస్తుంది. నేను "జబ్బులు లేవు" అని రాసుకుని రెండు గిన్నెలు పాయసం తాగాను.

షష్ఠి

ఎండురొయ్యల కూర చేశాను రమ్మని అప్పాయమ్మ కబురంపింది. ఎండురొయ్యలంటే నేను ఆగలేను, ఆ సంగతి ఆమెకు తెలుసు.

వాళ్ళ గోడ నిండా పోయిన వాళ్ళ ఫోటోలు, ప్రతి దానికీ ప్లాస్టిక్ పూలదండ. అందరివీ నవ్వుముఖాలే. ఆమె కొడుకు బుల్లబ్బాయి ఒక మూల వల బాగుచేసుకుంటున్నాడు. వకుళ తండ్రి ఇతను. యాభై ఏళ్ళొచ్చినా మోకాలు దాటి నీళ్ళలోకి దిగడు. చుక్కాని వారి పరువు తీసేశాడని ఊరంతా ఆటపట్టిస్తారు, అతను మాట్లాడకుండా వల అల్లుకుంటాడు.

ముద్ద కలుపుతూ ఊరికే అడిగాను.

"పెద్దమ్మా, అన్నీ వయసులో ఉన్నప్పటి ఫోటోలే పెట్టావేంటి? ముసలితనంలో తీయించినవి బాగా రాలేదా?"

"ముసలోళ్ళయితే కదే తీయించడానికి!" అని నవ్వి, ఇంకో గరిటె కూర వేసింది.

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ గోడకేసి చూశాను. ఇన్నేళ్ళుగా ఈ గోడ కింద కూర్చుని తింటున్నాను. వాళ్ళెలా పోయారో విన్నానే గానీ, ఎన్నేళ్ళకు పోయారని అడగాలని ఒక్కరోజూ తోచలేదు.

"పెదనాన్నకి అప్పటికి ఎన్నేళ్ళు?"

"ఇరవై ఎనిమిది. వీడు నా చంకలో ఉన్నాడు."

"మీ ఆడపడుచుకి?"

"దానికీ చంటిపిల్ల. మరిదికైతే మీసం కూడా సరిగ్గా రాలేదు. ఏం తినవేంటే? ఉప్పు ఎక్కువైందా?"

ఉప్పు సరిపోయిందన్నాను. కూర రుచి నాకు తెలియలేదు.

సప్తమి

గట్టు మీది ఆసుపత్రిలో ఉండే డాక్టరు షంషాద్ గారిని తెర మీదకు పిలిచాను. ఆమె ముందు నా ముఖం చూసి "ఎవరికేమైంది హైమా?" అంది. జరిగిందంతా చెప్పాను. ఇద్దరం చుక్కాని వారి ఉమ్మి కాగితాలు బయటికి తీశాం. అర్థం తెలియని మూడు పేజీల్లో, గుండె లయకు సంబంధించిన ఒక జన్యువు దగ్గర చిన్న మార్పు ఉంది. బుల్లబ్బాయికి ఉంది, వకుళకు ఉంది. అప్పాయమ్మకు లేదు. అంటే బుల్లబ్బాయి తండ్రి వైపు నుంచే దిగింది.

"గుండె కొట్టుకున్నాక మళ్ళీ సిద్ధం కావడానికి కొంచెం ఆలస్యం చేస్తుంది. మామూలప్పుడు ఏమీ తెలియదు. ఈత, పరుగు, పట్టలేనంత సంతోషం, అలాంటప్పుడు లయ తప్పుతుంది. తప్పితే మనిషి అక్కడికక్కడే పోవచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకీ సగం అవకాశం, రావచ్చు, రాకపోవచ్చు," అందామె.

"మరి మందుందా?"

"భేషుగ్గా ఉంది. రోజూ మాత్ర వేసుకుంటే చాలామందికి ఏమీ కాదు. ముందు కూర్చోబెట్టి ఒకసారి, నడిపించి ఒకసారి గుండెగీత తియ్యి. ఉందో లేదో తేలేదాకా ఆ పిల్లని నీళ్ళలో దిగనివ్వకు."

మందుందనగానే నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వకుళను నీళ్ళలో దిగనివ్వకూడదనగానే ఆ ఉత్సాహం సగం చచ్చింది. పౌర్ణమి నాడు కాలవ ఈదాలి ఆ పిల్ల, అదీ ఊరంతా బిందెలు వాయిస్తుండగా.

అష్టమి

వెళ్ళి చెప్పాను. తిట్లు తిని వచ్చాను.

"మా ఆయన పుణ్యాత్ముడే! ఆయన చావుకి జబ్బు పేరు పెడతావా? మా ఇంటి కూర తిన్న నోటితోనే ఎంత మాటన్నావే!" అని అప్పాయమ్మ చేటతో సహా మీదకొచ్చింది.

వకుళ నవ్వేసింది ముందు. తర్వాత కోపం తెచ్చుకుంది.

"అత్తా, నన్ను చూసే అంటున్నావా? గట్టు దాకా ఈది వచ్చి కూడా ఆయాసపడని దాన్ని. నా గుండెకేంటి? రాయిలా ఉంది!"

"రాయిలా ఉంటే గీత తీయించుకోడానికి భయమెందుకే?"

"భయం కాదు. పెళ్ళి ముందు నాకు రోగమని ముద్రేస్తే నూకరాజు వాళ్ళేమనుకుంటారు? ఈత మానమంటే నేనింకేం చెయ్యాలి, నాన్నలా మూల కూర్చుని వలలు అల్లాలా?"

బుల్లబ్బాయి వలలో ఇంకో ముడి వేశాడు. వకుళ తల్లి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఇష్టం లేని వాళ్ళకు బలవంతంగా పరీక్ష చేసే హక్కు నాకు లేదు, ఉండకూడదు కూడా. ఇంటికొచ్చి గిన్నెలు తోమాను. ఒకటి సొట్ట పడింది.

సాయంత్రం నూకరాజు వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి గోళ్ళు చూసుకుంటున్నాడు.

"పిన్నిగారూ, ఒక మాట. వకుళకి చెప్పనని ఒట్టేశాను, కానీ చెప్పాలి."

"ఒట్టు తీసి గట్టున పెట్టు. చెప్పు."

"పోయినేడు పందెంలో అది నీళ్ళలో ఉన్నట్టుండి ఆగిపోయిందండి. చేతులాడించలేదు, అరవలేదు, అలా మునిగిపోయింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి జుట్టు పట్టుకుని లాగాను. కాసేపటికి కళ్ళు తెరిచింది. కాలు పట్టేసింది, ఎవరికీ చెప్పకు అంది. మా ఇద్దరికీ అక్కడే మొదలైందండి." వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"బాగుంది నాయనా మీ ప్రేమకథ!" అన్నాను. ఇక ఇది నా అనుమానం కాదు.

దశమి

ఈరోజంతా వకుళ వెనక పడవేసుకుని తిరిగాను. పెళ్ళి ఈత కోసం సాధన చేస్తోంది. పడవలో గుండెకు షాకిచ్చే యంత్రం, ఒక గజ ఈతగాడు, నేను. నూకరాజు చెప్పింది కూడా వకుళతో అనేశాను. అది ముఖం తిప్పుకుని ఇంకా జోరుగా ఈదింది. ఊళ్ళో పిల్లలు తెప్పల అంచున కూర్చుని "జబ్బులక్క చేపలు పడుతోందోయ్!" అని కేకలు. పట్టించుకునే ఓపిక లేదు నాకు. ఆ పిల్ల తల నీళ్ళలోకి వెళ్ళినప్పుడల్లా, మళ్ళీ పైకి తేలేదాకా అంకెలు లెక్కపెట్టాను.

తిరిగొచ్చేసరికి ముందుగదిలో బుల్లబ్బాయి కూర్చుని ఉన్నాడు.

"నాకు తియ్యి హైమా ఆ గీత. నాకుంటే, అమ్మాయికి కూడా ఉన్నట్టే కదా?"

"అలాగని చెప్పలేం అన్నయ్యా, కానీ ఆ మార్పు ఏం చేస్తోందో తెలుస్తుంది."

చొక్కా విప్పాడు. తీగలు అంటించాను. కూర్చోబెట్టి తీస్తే కొంచెం తేడా, గదిలో గబగబా నడిపించి తీస్తే బాగా తేడా. షంషాద్ గారు తెర మీద చూసి తల ఊపింది.

"ఉంది. ఇన్నేళ్ళు ఎలా బతికారండీ మీరు?"

"నీళ్ళంటే భయమండి నాకు," అన్నాడు బుల్లబ్బాయి సిగ్గుపడుతూ. "చిన్నప్పుడు ఒకసారి దిగితే లోపల గుండె ఏదో అయిపోయినట్టనిపించింది. అప్పట్నుంచి దిగలేదు. పిరికోడన్నారు. నిజమేననుకున్నాను."

నేను ఉండబట్టలేక అతన్ని గట్టిగా కౌగలించుకున్నాను. తీగలు ఊడిపోయాయి. మళ్ళీ అంటించాల్సి వచ్చింది.

ఏకాదశి

బుల్లబ్బాయి తల్లికేం చెప్పాడో తెలియదు. పొద్దున్నే అప్పాయమ్మ తనే పడవ తోసుకుని వచ్చింది. ఉపవాసంలో ఉంది, మంచినీళ్ళిచ్చినా ముట్టలేదు. ఎప్పుడూ నిటారుగా ఉండే మనిషి ఇవాళ గోడకు చేరబడి కూర్చుంది.

"ఒసే హైమా, ఒకటడుగుతాను, అబద్ధం చెప్పకు. ఈ మాత్రలు అప్పుడు కూడా ఉన్నాయా?"

ఏం చెప్పాలో ఆలోచించాను. ఆలోచిస్తున్నానని ఆమెకు తెలిసిపోయింది.

"ఉన్నాయి పెద్దమ్మా. అవి పాత మాత్రలే."

"వేసుకునుంటే ఆయన ఉండేవాడా?"

"ఉండుండవచ్చు."

ఆమె ఏడవడం మొదలుపెట్టింది. భర్త పోయినప్పుడు కూడా ఈవిడ ఏడవలేదని, పుణ్యాత్ముడి కోసం ఏడవకూడదని పెద్దలు ఆపేశారని మా అమ్మ చెప్పేది. అప్పుడు ఆపేసిన ఏడుపంతా ఈరోజు నా ముందుగదిలో ఏడ్చింది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. నేను ఏడిస్తే తుమ్ములొస్తాయి. నాలుగోసారి తుమ్మాక ఆవిడ ఆగి నాకేసి చూసింది.

"నీకిదేం రోగమే?"

"మా నాన్న వైపునుంచి వచ్చింది పెద్దమ్మా."

ఆమె కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది. లేచి కొంగు నడుముకు దోపుకుంది.

"ఆయన మంచోడే హైమా. అందులో మార్పు లేదు. కానీ ఇరవై ఎనిమిదేళ్ళకి పోవడం మంచి చావేంటే? నా మొహంలా ఉంది! పద, ఆ పిల్ల రాక్షసి ఎక్కడుందో."

వకుళ పిల్లలకు ఈత నేర్పుతోంది. అప్పాయమ్మ తెప్ప అంచున నిలబడి ఒక్క కేక పెట్టింది. అంతే, పాలెం మొత్తం బయటికొచ్చింది. ముసలావిడ మనవరాలి తడి జడ పట్టుకుని పడవెక్కించి మా ఆఫీసు దాకా తీసుకొచ్చింది. దారిలో వకుళ అరుస్తూనే ఉంది, కానీ విడిపించుకోలేదు.

"నాయనమ్మా, నీక్కూడా నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకమేనమ్మా. మీ తాత మీద కూడా నాకు చాలా నమ్మకం ఉండేది."

వకుళ తనే బల్ల మీద పడుకుంది. గీత తీశాను. తండ్రిది ఎలా ఉందో అలాగే ఉంది, ఇంకొంచెం ఎక్కువే.

ద్వాదశి

మాత్రలు వచ్చాయి. వకుళ మొదటి మాత్ర వేసుకుని, మంచినీళ్ళు తాగి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. ఇప్పట్లో ఈత లేదు. మందు ఒంటికి పట్టాక, పరీక్షలన్నీ చూశాకే ఆ మాట ఎత్తాలని షంషాద్ గారు గట్టిగా చెప్పింది. పిల్లలకు మాత్రం గట్టు మీద నిలబడి నేర్పుకోవచ్చట.

"గట్టు మీదా!" అంది వకుళ ఏడుపు గొంతుతో.

"నీ నోరు గట్టు మీదనుంచి అవతలి ఒడ్డుకి వినిపిస్తుంది, బెంగపడకు," అన్నాను. కొంచెం నవ్వింది.

అసలు భయం పెళ్ళివారి గురించి. నేనూ, వకుళా, అప్పాయమ్మా, బుల్లబ్బాయీ కలిసి వెళ్ళి రాఘవమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాం. పుట్టబోయే పిల్లలకు సగం అవకాశం ఉందని, పుట్టగానే చూసుకోవచ్చని, మందుందని కూడా చెప్పాం. రాఘవమ్మ అంతా విని బుగ్గ మీద వేలేసుకుంది.

"ఇంతేనా? నేనింకా ఏమోననుకున్నాను. మేం షుగరిస్తున్నాం, ఉబ్బసమిస్తున్నాం, ఆ బట్టతల కూడా ఇస్తున్నాం. మీరొక్కటిస్తే తీసుకోమా? ఇన్నాళ్ళూ మీకేం లేదేం లేదంటుంటే, మా జబ్బులు చూసి మీ పిల్ల నవ్వుకుంటుందేమోనని నాకే బెరుగ్గా ఉండేది తల్లీ!"

వకుళ ఆమె ఒళ్ళో తల పెట్టేసింది. నూకరాజు వెనకాల స్తంభం పట్టుకుని నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

"మరి కాలవ ఈత సంగతేంటి?" అని ఎవరో అడిగారు. కాలవ ఈదని పెళ్ళి మా పాలెంలో ఇంతవరకూ జరగలేదు. బుల్లబ్బాయి గొంతు సవరించుకున్నాడు.

"కాలవ లేకుండా చేస్తే?"

పౌర్ణమి

చేతులు బొబ్బలెక్కాయి, కలం పట్టుకోలేకపోతున్నాను, అయినా రాయాలి.

పొద్దున్నే లంగరు వారి వాడ తెప్పలన్నీ తాళ్ళు విప్పాయి. ఇళ్ళు, పొయ్యిలు, కోళ్ళ గూళ్ళు, పెళ్ళిపందిరి, అన్నీ తెప్పల మీదే. చుక్కాని వారి వైపునుంచి మేమందరం తాళ్ళు పట్టుకుని లాగాం. బుల్లబ్బాయి ముందు నిలబడి "హైలెస్సా" పాడాడు. నిన్న మొన్నటిదాకా అతన్ని పిరికోడన్న వాళ్ళందరూ ఇవాళ అతను పాడిన దానికి వంతపాడారు. బిందెలు మోగాయి. రాఘవమ్మ ఇల్లు కదిలొస్తుంటే ఆమె వాకిట్లో కూర్చుని పాయసం కలుపుతూనే ఉంది. మధ్యాహ్నానికి రెండు వాడలూ ఒకదానికొకటి ఢీకొన్నాయి, రెండు దడులు విరిగాయి, ఎవరూ పట్టించుకోలేదు. వకుళ దండ నడుముకు చుట్టుకుని, పాదం తడవకుండా నడిచి అవతలి తెప్ప మీద అడుగు పెట్టింది.

తాళి కట్టాక పెద్దల ఆశీర్వాదం. దానికి ముందు అప్పాయమ్మ చెయ్యెత్తింది. మొన్నటి పందిరిలో తప్పు చెప్పాను, సరిగ్గా చెప్పుకోవాలి అంది. భర్త పేరు, వయసు చెప్పింది. మరిది పేరు, వయసు. ఆడపడుచు పేరు, వయసు. తర్వాత ఇప్పుడు పిల్లల తల్లైన ఆడపడుచు కూతుర్ని పేరు పెట్టి పిలిచి "రేపొచ్చి గీత తీయించుకో, మీ పిల్లల్ని కూడా తీసుకురా" అంది. ఆమె తల ఊపింది. ఇంకో నలుగురు చేతులెత్తారు. రేపు నాకు తిండి తినే తీరిక ఉండదు.

అప్పుడు వకుళ వంగి నాయనమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టింది. అప్పాయమ్మ మనవరాలి తల మీద రెండు చేతులూ పెట్టింది. దీర్ఘసుమంగళీభవ అంటుందని అందరూ అక్షింతలు పట్టుకుని చూస్తున్నాం.

"పళ్ళూడిపోవాలి," అంది అప్పాయమ్మ. "నడుం వంగాలి. చెవులు వినపడకూడదు. ముందురోజు చెప్పిందే మళ్ళీ చెప్పాలి. ఈ ముసల్ది ఎప్పుడు నోరు మూస్తుందా అని నీ మనవళ్ళు, మునిమనవళ్ళు విసుక్కోవాలి. అంత ముసల్దానివి అవ్వు తల్లీ!"

ఎవరికీ అక్షింతలు వేయాలని తోచలేదు ఒక క్షణం. తర్వాత అందరం ఒక్కసారిగా వేశాం.